ముల్లు విరిగిన చోట

పామిడి దగ్గర పెన్న ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగానే కనిపిస్తుంది. ఆ ఇసుక అంచుల్లో, బీడుపడిన చేలల్లో, శెనక్కాయ చేల గట్ల మీద నీళ్ళు లేకున్నా పెరిగేది కంప ఒక్కటే. నల్లతుమ్మ, సర్కారు తుమ్మ, రేగు, నేల మీద పల్లేరు. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో మేకల వెంట తిరిగే మనిషికీ, కలుపు తీసే మనిషికీ, కట్టెలకు పోయే మనిషికీ ముల్లు దిగడం వార్త కాదు. అది సగంలో విరిగి లోపలే ఉండిపోతే మటుకు వార్తే.

చిన్నప్పుడు నా మడమలో అట్లా ఒక తుమ్మముల్లు విరిగింది. మొదటి రోజు కాస్త నొప్పి, అంతే. రెండో రోజుకు చుట్టూ ఎర్రబారింది, చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. రాత్రికి సలుపు మొదలైంది. మరునాటికి నడిమధ్య తెల్లగా తేలింది. మా అవ్వ నా కాలు ఒళ్ళో పెట్టుకొని, పుండు చూడకముందే గజ్జల్లో వేలితో నొక్కి చూసింది. "బిళ్ళ కట్టింది. చీము కూడా పట్టిందిలే నాయనా, ఇంక ముల్లు తానే బయటికొస్తాది" అంది. పిన్నీసు మొన దీపంలో కాల్చి ఆ తెల్లటి చోట కదిపింది. చీముతో పాటు నల్లటి ముల్లు మొన జారి వచ్చింది.

చీము అంటే నాకు అసహ్యం. ఆమెకు చీము కనబడితే ధైర్యం. ఆ ధైర్యం ఎక్కడిదో నాకు చాలా ఏళ్ళ తరవాత పుస్తకాలు చదివితే గాని తెలియలేదు. ఆ మడమలో ఆ మూడు రోజులు జరిగింది తెల్లరక్తకణాల పని. మనిషి ఒంట్లో అంతకంటే నేర్పైన పని మరొకటి లేదని నా నమ్మకం.

విచిత్రం ఏమంటే ఈ శాస్త్రం కూడా ముల్లుతోనే మొదలైంది. 1882లో ఇల్యా మెచ్నికోవ్ అనే జంతుశాస్త్రవేత్త రష్యా సామ్రాజ్యంలోని విశ్వవిద్యాలయం ఉద్యోగం వదిలేసి, సిసిలీ దీవిలోని మెస్సీనా ఊళ్ళో సముద్రం ఒడ్డున కాపురం ఉన్నాడు. ఒకరోజు ఇంట్లోవాళ్ళంతా సర్కసుకు పోతే ఆయన ఒక్కడే మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. కింద పెట్టింది సముద్ర నక్షత్రం పిల్ల. అది గాజులా పారదర్శకంగా ఉంటుంది, లోపల ఏ కణం ఎటు కదులుతోందో బయటికే కనిపిస్తుంది. ఒళ్ళంతా తిరుగుతున్న కొన్ని కణాలను చూస్తుంటే ఆయనకు ఒక ఆలోచన తట్టింది: ఇవి ఒంటిని కాపాడేవే అయితే, ఇక్కడ ఒక ముల్లు గుచ్చితే చుట్టూ చేరాలి కదా? పెరట్లోకి పోయి గులాబీ ముళ్ళు తెచ్చి ఆ పిల్లల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని తరవాత ఆయనే రాసుకున్నాడు. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుంపుగా మూగి ఉన్నాయి. రక్తనాళాలు కూడా లేని జీవిలో! ఆ కణాలకు 'తినే కణాలు' అన్న అర్థం వచ్చే గ్రీకు పేరు పెట్టారు: ఫాగోసైట్లు. 1908లో ఆయనకు పౌల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. రక్తకణాలకు రంగులు అద్ది, ఏ తెల్లకణం ఏ రకమో విడదీసి చూపినవాడు ఆ ఎర్లిక్.

ఇప్పుడు మడమలోకి వద్దాం.

ముల్లు ఒంటరిగా రాదు. దాని మొన మీద ఉన్నవీ, మన చర్మం మీద ఎప్పుడూ కాపురం ఉండేవీ దానితో పాటు లోపలికి దిగుతాయి. చీముగడ్డల్లో ఎక్కువగా దొరికేది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. ద్రాక్షగుత్తిలా ఉంటుంది, రంగు బంగారం. 1880ల మొదట్లో స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ దీన్ని చీములోనే కనిపెట్టాడు. అన్నీ అనుకూలిస్తే కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకొకసారి రెండింతలు కాగలవు. ఆ లెక్కన సాయంత్రం దిగిన ఒక్కటి ఎనిమిది గంటల్లో కోటి 67 లక్షలు అవుతుంది. ఒంట్లో నిజంగా అంత జోరుగా సాగదు. సాగకపోవడానికి కారణమే ఈ వ్యాసం.

చర్మం కింద ముందే కొన్ని కణాలు కాపు కాస్తుంటాయి. మాక్రోఫేజ్‌లు, అంటే పెద్ద తిండికణాలు. వాటి పక్కనే మాస్ట్ కణాలు. బాక్టీరియా ఫలానాది అని వీటికి పేరు తెలియదు. కానీ బాక్టీరియా ఒంటికే ఉండి మన ఒంట్లో ఎక్కడా లేని పదార్థాలు కొన్ని ఉన్నాయి: దాని గోడలోని కొవ్వు ముక్కలు, దాని తోక ప్రోటీను. వాటిని తాకి గుర్తుపట్టే అణువులు మాక్రోఫేజ్ ఒంటి మీద ఉంటాయి. వీటిని టోల్ వంటి గ్రాహకాలు అంటారు. ఈగల్లో మొదట దొరికిన ఈ మర్మం మనిషి దాకా వచ్చింది. ఆ దారి తెరిచిన జూల్స్ హాఫ్‌మన్, బ్రూస్ బాయిట్లర్‌లకు 2011లో నోబెల్ ఇచ్చారు. గుర్తుపట్టిన నిమిషాల్లోనే మాస్ట్ కణం హిస్టమిన్‌ను, మాక్రోఫేజ్ రకరకాల సంకేత రసాయనాలను వదులుతాయి.

పెన్న ఎండిన రోజుల్లో ఇసుకలో చెలమ తీసినవాళ్ళకు తరవాతి సంగతి సులువుగా అర్థమవుతుంది. ఇసుక తోడుతూ పోతే పక్కల నుంచి నీళ్ళు మెల్లగా ఊరి గుంత నిండుతుంది. మామూలుగా రక్తనాళం గోడ గట్టిగా అల్లుకొని ఉంటుంది. హిస్టమిన్ తగలగానే నాళం వెడల్పవుతుంది, గోడ కణాల మధ్య సందులు తెరుచుకుంటాయి, రక్తంలోని పలచని నీరు గాయం చుట్టూ ఊరుతుంది. అదే వాపు. ఎక్కువ రక్తం చేరడం వల్ల ఎరుపూ వేడీ. ఉబ్బిన కండ నరాల మీద ఒత్తితే, రసాయనాలు నరాలను రేపితే సలుపు. ఇవన్నీ మనం జబ్బు అనుకుంటాం. నిజానికి ఇవి దారి వేసే పనులు.

ఆ దారిన వచ్చేది న్యూట్రోఫిల్. తెల్లకణాల్లో సగానికి పైగా ఇవే. ఇవి పుట్టేది ఎముకల మూలుగలో, ముఖ్యంగా నడుము, పక్కటెముకలు, వెన్నెముక, రొమ్ము ఎముకల్లో. పెద్దవాళ్ళ ఒంట్లో రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిళ్ళు తయారవుతాయి. రక్తంలో ఒక్కొక్కదాని ఆయువు కొన్ని గంటలు, మహా అయితే ఒక రోజు. పుట్టినవాటిలో ఎక్కువభాగం ఏ బాక్టీరియానూ చూడకుండానే ముగిసిపోతాయి. ఇంత ఖర్చు ఒళ్ళు ఎందుకు భరిస్తోందో ముల్లు దిగిన రోజున తెలుస్తుంది.

రక్తం వడిగా పారుతుంటుంది. ఆ వడిలో కొట్టుకుపోయే కణం సరిగ్గా గాయం దగ్గరే ఎట్లా ఆగుతుంది? కాలిబాటన నడిచేవాళ్ళ పంచె అంచుకూ చీర అంచుకూ ఉత్తరేణి గింజలు ఎట్లా అంటుకుంటాయో చూసే ఉంటారు. గాయం దగ్గరి నాళం గోడ లోపలివైపు సెలెక్టిన్లు అనే అంటుడు అణువులు మొలుచుకొస్తాయి. న్యూట్రోఫిల్ వాటికి తగులుకుంటూ, విడిపోతూ, మళ్ళీ తగులుకుంటూ గోడ వెంట దొర్లుతుంది, వేగం తగ్గుతుంది. అప్పుడు దాని ఒంటి మీది ఇంటెగ్రిన్లు అనే గట్టి కొక్కేలు గోడను పట్టుకుంటాయి. నిలబడ్డ కణం తన ఒంటిని తీగలా సాగదీసుకొని, గోడ కణాల మధ్య సందులోంచి అవతలికి దూరుతుంది.

ఈ కొక్కెం ఎంత అవసరమో చెప్పడానికి ఒక అరుదైన పుట్టు జబ్బు ఉంది. ఇంటెగ్రిన్ జన్యువు చెడిపోయిన పిల్లలకు రక్తంలో తెల్లకణాలు కుప్పలుగా ఉంటాయి, కానీ గాయం దగ్గరికి ఒక్కటీ దిగలేదు. పుట్టిన బిడ్డకు మూడు నాలుగు వారాలు దాటినా బొడ్డు ఊడకపోవడం దాని తొలి గుర్తుల్లో ఒకటి. ఆ పిల్లలకు పుండ్లు పడతాయి గాని చీము పట్టదు. కాన్సరు మందులతో న్యూట్రోఫిళ్ళు బాగా పడిపోయినవారిలోనూ ఇంతే: లోపల బాక్టీరియా పెరిగిపోతున్నా పైకి చీము కనబడకపోవచ్చు, ఒక్క జ్వరమే చెబుతుంది. మా అవ్వకు ఈ జబ్బుల పేర్లు తెలియవు. చీము పట్టకపోతేనే భయపడాలన్నది మటుకు ఆమెకు తెలుసు.

నాళం దాటిన న్యూట్రోఫిల్‌కు ఇంక వాసన పట్టడమే పని. బాక్టీరియా తన ప్రోటీన్లు తయారుచేసేటప్పుడు ప్రతిదాన్నీ ఫార్మైల్ అనే చిన్న తగిలింపు ఉన్న ముక్కతో మొదలుపెడుతుంది. మన కణాల్లో మైటోకాండ్రియా తప్ప మరేదీ అట్లా మొదలుపెట్టదు. ఆ ముక్కలు ఎటు చిక్కగా ఉంటే కణం అటు పాకుతుంది. 1950లలో అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రోజర్స్ దీన్ని సినిమా రీలు మీద పట్టాడు. ఎర్రకణాల గుంపులో ఒక న్యూట్రోఫిల్ పారిపోతున్నట్టు కనిపించే స్టాఫిలోకాకస్ వెంట పడుతుంది. అది మలుపు తిరిగితే ఇదీ తిరుగుతుంది, మధ్యలో అడ్డొచ్చిన ఎర్రకణాలను తోసుకుంటూ పోతుంది, చివరికి మింగేస్తుంది. ఇంటర్నెట్టులో దొరుకుతుంది, తప్పక చూడండి. దానికి కళ్ళు లేవు, మెదడు లేదు. అయినా వేట కుక్క జాడ పట్టినట్టే ఉంటుంది.

మింగడం అనుకున్నంత తేలిక కాదు. కొన్ని బాక్టీరియాలు జిగట పొర కప్పుకొని పట్టుకు చిక్కవు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ అట్లాంటిదే. అప్పుడు రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లూ యాంటీబాడీలూ దాని ఒంటికి పూత పూస్తాయి. ఈ పూతకు వైద్యులు పెట్టిన పేరు ఆప్సొనిన్. గ్రీకులో 'ఆప్సన్' అంటే రొట్టెతో నంజుకునేది. ఉత్త సంగటి ముద్ద గొంతు దిగదు, పక్కన ఊరిబిండి ఉంటే దిగుతుంది. ఆ పేరు పెట్టినవాళ్ళకు మన సంగటి తెలియకపోయినా సంగతి అదే.

మింగిన బాక్టీరియా కణంలో ఒక సంచిలో బందీ అవుతుంది. ఆ సంచి చుట్టూ ఒక ఎంజైము ఆక్సిజన్‌ను ఆవురావురుమని లాక్కొని సూపరాక్సైడ్‌గా మారుస్తుంది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. మైలోపెరాక్సిడేజ్ అనే మరో ఎంజైము ఆ పెరాక్సైడ్‌నూ మన ఒంట్లోని ఉప్పు తాలూకు క్లోరైడ్‌నూ కలిపి హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేస్తుంది. పంచాయతీ వాళ్ళు నీళ్ళ ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడరు క్రిములను చంపేది ఈ పదార్థంతోనే. మన ఒళ్ళు దాన్ని కంటికి కనిపించని సంచిలో, అవసరమైన క్షణంలో, అవసరమైనంతే చేసుకుంటుంది. మైలోపెరాక్సిడేజ్ రంగు ఆకుపచ్చ. చీముకూ గళ్ళకూ వచ్చే పచ్చదనంలో దాని వాటా ఉంది. ఆక్సిజన్‌ను లాగే ఆ మొదటి ఎంజైము పుట్టుకతోనే పనిచేయని పిల్లల్లో న్యూట్రోఫిళ్ళు వస్తాయి, మింగుతాయి, చంపలేవు. వాళ్ళకు గడ్డల మీద గడ్డలు.

బాక్టీరియా కూడా ఊరుకోదు. స్టాఫిలోకాకస్‌కు ఆ బంగారు రంగు అలంకారానికి రాలేదు, ఆ వర్ణకం న్యూట్రోఫిల్ విసిరే ఆక్సీకరణ మందులను పీల్చుకొని దాన్ని కాపాడుతుంది. కొన్ని రకాల స్టాఫ్ తెల్లకణాల పొరకే చిల్లులు పొడిచే విషం వదులుతాయి. న్యూట్రోఫిల్ దగ్గర దానికీ ఒక తెగింపు ఉంది. 2004లో బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు చూపించినదాని ప్రకారం, న్యూట్రోఫిల్ తన కేంద్రకంలోని డీఎన్‌ఏ దారాలనే బయటికి విప్పి వలలా పరుస్తుంది. ఆ దారాలకు క్రిములను చంపే ప్రోటీన్లు అంటుకొని ఉంటాయి. చిక్కినవి చిక్కినట్టే ఆగిపోతాయి. తన వంశవృక్షాన్నే వలగా వేసిన ఆ కణం చాలాసార్లు అక్కడితో సరి.

పదీ ఇరవై బాక్టీరియాలను మింగిన న్యూట్రోఫిల్ కూడా బతకదు. ఈ చనిపోయిన కణాలు, చచ్చినవీ బతికినవీ బాక్టీరియాలు, కరిగిన కండ, ఊరిన నీరు అన్నీ కలిసినదే చీము. వాటి ఎంజైములు చుట్టుపక్కల కండను మెత్తబరుస్తాయి కాబట్టే విరిగిన ముల్లు పట్టు వదిలి బయటికి జారుతుంది. తరవాత మాక్రోఫేజ్‌లు వచ్చి చనిపోయిన న్యూట్రోఫిళ్ళను తిని నేల శుభ్రం చేస్తాయి, వాపు తగ్గమని సంకేతం ఇస్తాయి, కొత్త కండ అల్లుకుంటుంది, పైన పక్కు కడుతుంది.

ఇక గజ్జల్లో బిళ్ళ. గాయం దగ్గర డెండ్రైటిక్ కణాలు అని కొన్ని ఉంటాయి. అవి బాక్టీరియా ముక్కలను మోసుకొని లింఫ్ నాళాల వెంట పైకి పోతాయి. కాలి నుంచి పోయే దారిలో మొదటి పెద్ద మజిలీ గజ్జల్లోని లింఫ్ గ్రంథులు. అక్కడ లక్షలాది లింఫోసైట్లు వేచి ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారాన్నే గుర్తుపట్టగలదు. తెచ్చిన ముక్క ఏదో ఒకదానికి సరిపోతే ఆ కణం వేలల్లో పెరుగుతుంది. గ్రంథి ఉబ్బుతుంది. మనం 'బిళ్ళ కట్టింది' అంటాం. ఇక్కడ తయారైన బీ కణాలనే లింఫోసైట్ల నుంచే కొన్ని రోజులకు యాంటీబాడీలు వస్తాయి, ఆ జ్ఞాపకం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పుండు కన్నా ముందు గజ్జలు తడమడంలో అవ్వ చేసింది సరైన వైద్య పరీక్షే.

ఇవన్నీ ఒక పాదంలో జరిగే పనులు. పుండు పెద్దదైతే సంగతి ఊరంతటికీ చేరుతుంది. మాక్రోఫేజ్‌ల సంకేతాలు రక్తంలో పోయి మెదడులో ఒంటి వేడిని నిలిపే చోటును తాకితే జ్వరం, మూలుగను తాకితే నిల్వ ఉన్న న్యూట్రోఫిళ్ళు గుంపులుగా బయలుదేరడం. మన దగ్గర జ్వరంతో ఏ క్లినిక్కుకు పోయినా రాసిచ్చే సీబీపీ రక్తపరీక్ష చీటీలో ఉండేది ఈ కథే. తెల్లకణాల టోటల్ కౌంట్ మామూలుగా ఒక ఘన మిల్లీమీటరుకు 4,000 నుంచి 11,000 దాకా. బాక్టీరియా జబ్బులో అది 15,000, 20,000 దాటొచ్చు, అందులో న్యూట్రోఫిళ్ళ వంతు పెరుగుతుంది. కేంద్రకం ఇంకా ముక్కలుగా విడని లేత కణాలు కూడా స్లైడు మీద కనబడితే మూలుగ నిల్వ తరిగేంత పని పడిందని అర్థం. కానీ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. టైఫాయిడ్ బాక్టీరియా జబ్బే అయినా అందులో కౌంట్ పెరగకపోవచ్చు, తగ్గనూవచ్చు. డెంగీ వంటి వైరస్ జ్వరాల్లోనూ తగ్గుతుంది.

టైఫాయిడ్ మాట వచ్చింది కాబట్టి మింగిన కణమే మోసపోయే సందర్భాలూ చెప్పాలి. టైఫాయిడ్ క్రిమి మాక్రోఫేజ్ సంచిలో చావకుండా అక్కడే పెరిగి, ఆ కణం భుజాన ఎక్కి కాలేయానికీ ప్లీహానికీ మూలుగకూ పోతుంది. క్షయ క్రిమి మరీ ఘనం. రాబర్ట్ కోహ్ దాన్ని కనిపెట్టిందీ 1882లోనే. ముల్లు చుట్టూ తినే కణాలను మెచ్నికోవ్ చూసిన ఏడే, ఆ కణాలకు లొంగని క్రిమినీ మనిషి చూశాడు. క్షయలో మాక్రోఫేజ్‌లు క్రిమిని చంపలేక దాని చుట్టూ ఒకదానికొకటి అంటుకొని దడి కడతాయి. ఆ దడి గట్టిగా నిలవాలంటే సీడీ4 అనే లింఫోసైట్లు వెనక ఉండి మాక్రోఫేజ్‌లను పురికొల్పాలి. హెచ్‌ఐవీ తినేసేది సరిగ్గా ఈ సీడీ4 కణాలనే. అందుకే ఆ రెండు జబ్బులూ తరచూ కలిసి వస్తాయి. విసెంటే ఫెర్రర్ 1969లో అనంతపురంలో నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి బత్తలపల్లి ఆసుపత్రిలో ఈ రెంటికీ కలిపి వైద్యం చేస్తున్నారు. అక్కడ రోగి చేతిలోని కాగితం మీద సీడీ4 అంకె 200 కన్నా కిందికి పడితే చాలా జాగ్రత్త పడాలి.

మరి మందుల సంగతి? ఇక్కడ ఒక తెలుగువాణ్ణి తలుచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సంగ్రహణి జబ్బుకు తోడబుట్టినవాళ్ళను పోగొట్టుకొని, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో హార్వర్డ్‌కు చేరారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ ఆ తరవాత ఏటీపీనీ వెలికితీశారు. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టే నాణెం. న్యూట్రోఫిల్ పాకినా, సాగినా, మింగినా ఖర్చయ్యేది అదే. 1940లో ఆయన న్యూయార్కు దగ్గరి లెడర్లే ప్రయోగశాలలకు మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. మూలుగలో కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ రెండింతలు కావాలి, దానికి ఫోలిక్ ఆసిడ్ ఉండాలి. అది చాలనివారి రక్తపు స్లైడులో న్యూట్రోఫిల్ కేంద్రకం మూడు నాలుగు తమ్మెలకు బదులు ఆరేడు తమ్మెలతో కనబడుతుంది.

అదే పదార్థానికి కొంచెం ఆకారం మార్చి, కణాన్ని మోసగించే అమినోప్టెరిన్‌ను కూడా వాళ్ళే చేశారు. పిల్లల రక్తకాన్సరులో తెల్లకణాలు లేతగా ఉండగానే అదుపు లేకుండా పెరుగుతాయి. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఈ మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. ఈనాటి మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

ఆ 1948లోనే లెడర్లే నుంచి ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. పరిశోధనకు అధిపతి సుబ్బారావు. వెలికితీసింది ఆయన కింద పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త, మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టి నుంచి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. స్క్రబ్ టైఫస్‌కు ఇప్పుడు మన ఊళ్ళల్లో ఇచ్చే డాక్సీసైక్లిన్ దాని వంశమే. సుబ్బారావు ఆ ఆగస్టులోనే కన్నుమూశారు.

ఈ కుటుంబం మందులు పనిచేసే తీరు చూడండి. అవి చాలా బాక్టీరియాలను నేరుగా చంపవు. బాక్టీరియా ప్రోటీన్లు తయారుచేసే యంత్రానికి అడ్డం పడి పెరుగుదల ఆపుతాయి, అంతే. ఆగిపోయినవాటిని ఏరి, మింగి, ముగించేది తెల్లకణాలు. నేరుగా చంపే పెన్సిలిన్ జాతి మందులకు కూడా చివర్లో తుడిచిపెట్టే పని తెల్లకణాలే చేయాలి. మందు చేసేది సాయం, నయం చేసేది ఒళ్ళు. వైరస్ జలుబుకు మందుల అంగట్లో అడిగి అజిత్రోమైసిన్ మింగితే ఆ సాయం కూడా దొరకదు, పైపెచ్చు మొండి బాక్టీరియాలు మిగులుతాయి. డాక్టరు రాసిన రోజులు పూర్తికాకముందే 'తగ్గింది కదా' అని ఆపేసేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. నొప్పి తగ్గిన రోజుకు మడమలో పని ఇంకా నడుస్తూనే ఉంటుంది.

ఇంకొక పొరపాటు కూడా. పుండులో ఘాటైనది ఏది పోస్తే అంత మంచిదని మనవాళ్ళ నమ్మకం: కిరసనాయిలు, బ్యాటరీ పొడి, సీసాలకొద్దీ యాంటీసెప్టిక్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోని సైనిక ఆసుపత్రిలో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, పెన్సిలిన్‌కు పదేళ్ళు ముందే, లోతైన గాయాల్లో పోసిన యాంటీసెప్టిక్కులు మూలల్లో దాగిన బాక్టీరియాలను చేరకముందే అక్కడికి వచ్చిన తెల్లకణాలను చంపేస్తున్నాయని చూపించాడు. నూరేళ్ళు దాటినా ఆ మాట మన ఇళ్ళకు ఇంకా పూర్తిగా చేరలేదు.

తెల్లకణం చేయలేనిది ఒకటుంది. మట్టిలో నిద్రపోయే ధనుర్వాతం క్రిమి ముల్లుతో దిగితే, చీమైనా పట్టకముందే దాని విషం నరాలకు ఎక్కుతుంది. దానికి ముందుగా టీకాతో తయారైన యాంటీబాడీయే అసలు అడ్డు. తెల్లకణాన్ని కుంటుపరిచేది మరొకటి, చక్కెర జబ్బు. రక్తంలో చక్కెర ఎక్కువైతే న్యూట్రోఫిళ్ళు జాడ పట్టడంలో, చంపడంలో మందకొడి అవుతాయి. పాదాల్లో నరాలు మొద్దుబారితే ముల్లు దిగిన సంగతే తెలియదు. పామిడి బట్టల అంగళ్ళలో రోజంతా కూర్చునేవారికైనా, కుట్టుమిషను తొక్కేవారికైనా, చేనిలో నడిచేవారికైనా ఇది ఒకటే.

ముల్లు దిగితే సబ్బుతో, ధారగా పోసిన మంచినీళ్ళతో కడగండి. పైకి కనబడే ముల్లయితే తీయండి, లోతుగా విరిగితే పొడిచి కెలకకుండా ఆసుపత్రికి పోండి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోండి. పుండు నుంచి పైకి ఎర్రటి గీత పాకినా, చలితో జ్వరం వచ్చినా మరునాటి దాకా ఆగకండి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు చేనికి చెప్పుల్లేకుండా పోవద్దు, రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్ళూ వెలుతురులో చూసుకోండి. కళ్ళు ఆనని అవ్వలకూ తాతలకూ ఇంట్లోని పిల్లలు కాళ్ళు ఒళ్ళో పెట్టుకొని చూసి చెప్పండి.